ఎవరి చెయ్యి?

నా ముప్పై ఏళ్ల నర్సు ఉద్యోగంలో ఒకే ఒక్కసారి బహుమతి ప్రదానం చేశాను. అదీ తప్పు మనిషికి చేశాను.

ట్యాబులు పట్టుకుని గల్లీ గల్లీ తిరుగుతూ, జనం రక్తపోటును వేలితో నొక్కి ఎక్కడో ఉన్న తెరకు పంపే మీ తరం ఆరోగ్య కార్యకర్తలు, నన్ను శిక్షణకు పిలిచినప్పుడల్లా అనుభవాలు చెప్పమంటారు. నా విజయాలు చెబితే మీ చేతిలో టీ చల్లారకముందే అయిపోతాయి. అందుకని ఆ బహుమతి సంగతే రాస్తున్నాను.

అవి తెలంగాణ ఉద్యమం ఊపుమీద ఉన్న రోజులు. ఆసుపత్రి డ్యూటీలు చాలనుకుని నేనొక స్వచ్ఛంద సంస్థలో చేరాను. మా ఆఫీసు రాయదుర్గంలో, ఇప్పుడు మెట్రో వచ్చి ఆగే చోటికి దగ్గర్లో, ఒక అద్దాల టవరులో ఉండేది. అయిదో అంతస్తంతా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీది. అందులో ఓ మూల వాళ్లు దయతలిచి మాకిచ్చారు. హైటెక్ సిటీలో ఉద్యోగమొచ్చిందని మా చర్చిలో అందరికీ చెప్పుకున్నాను. హై బీపీలు చూసే ఉద్యోగమని విడమరచలేదు. ‘హై’ రెండింటిలోనూ ఉంది కాబట్టి అబద్ధం కిందికి రాదనుకున్నాను.

పని ఇదీ. బోరబండలో ఒక బస్తీని ఎంచుకుని, రక్తపోటు ఉన్నవాళ్లను గుర్తించి మందులిచ్చాం. వారానికి మూడు రోజులు ఆ బస్తీ ఆరోగ్య కార్యకర్త మిషను సంచిలో వేసుకుని ఇంటింటికీ వెళుతుంది. చేతికి పట్టీ కట్టి, వచ్చిన అంకెను తన చిన్న ఫోన్లోంచి మెసేజ్ కొడుతుంది. అది వచ్చి నా ముందున్న తెర మీద ఆ ఇంటి పక్కన పడుతుంది. బాగుంటే పచ్చ, ఎక్కువైతే ఎరుపు. అసలు అంకే రాకపోతే ఆ ఇంటి మీద నల్లగీత. ఎరుపు కనిపిస్తే నేను ఫోను చేసి, డాక్టరుగారితో మాట్లాడి, మందు మార్పించాలి. ఏసీలో కూర్చుని ఆరు కిలోమీటర్ల అవతల ఉన్న నాడి పట్టుకోవడమన్నమాట. అంత పొడుగు చేతులు నాకున్నాయని అప్పటిదాకా నాకే తెలియదు.

ఆ తెరను తయారుచేసిన ఇంజినీరు మా పక్క సీటు. నలభై దాటిన మనిషి, నాలాగే కృష్ణా డెల్టా నుంచి వచ్చినవాడు. గ్రాఫు గీయనిదే మంచినీళ్లు కూడా తాగేవాడు కాదు.

మా కార్యకర్త మాత్రం బోరబండలోనే పుట్టి పెరిగింది. పొద్దున మిషను సంచితో, సాయంత్రం ఉద్యమం జెండాతో అవే గల్లీలు తిరిగేది. ఒకసారి నేను నవ్వుతూ, “తెలంగాణ వచ్చేస్తే నన్ను మా ఊరికి పంపేస్తావా ఏంటమ్మా?” అన్నాను.

“మిమ్ములనెందుకు పంపుతం మేడమ్, గోలీలు ఎవరియ్యాలె?” అంది. “మీ ఇంజినీర్ సార్‌ని పంపుతం. ఆయన పోయినా ఎవ్వలకు ఎరుకగాదు.”

పని మొదలుపెట్టిన రోజున ఆమెకు నేనిచ్చిన శిక్షణలో పట్టీ ఎలా కట్టాలో అరగంట చెప్పాను. ఎవరికి కట్టాలో చెప్పలేదు. అది చెప్పాల్సిన విషయమని ఎవరికి తోస్తుంది? చివర్లో మాత్రం గట్టిగా ఒక మాట అన్నాను. “ఇంటికొక నంబరు రావాలమ్మా. నల్లగీత పడకూడదు. పడిందా, పైవాళ్లు నన్నడుగుతారు, నేను నిన్నడుగుతాను.”

ఆమె నోటుపుస్తకంలో రాసుకుంది. ఆరు నెలల్లో ఒక్క నల్లగీత పడలేదు.

ఇక బహుమతి తీసుకున్న మనిషి. ఆయన మా టవరు గేటు దగ్గరే సెక్యూరిటీ గార్డు. యాభై దాటి ఉంటాయి, ఇల్లు ఆ బస్తీలోనే. పొద్దున్నే ఆరింటికి డ్యూటీ ఎక్కేవాడు. నన్ను రోజూ చూస్తాడు, రోజూ “ఐడీ” అంటాడు. ఒకరోజు కార్డు సంచి అడుగున ఎక్కడో ఇరుక్కుని, “మీకు బీపీ మందులిచ్చేది నేనే కదండీ, తెలియదా?” అన్నాను.

“బీపీ వేరే, గేటు వేరే మేడమ్. కార్డు చూపియ్యిన్రి” అన్నాడు.

నాకు కోపం రాలేదు, ముచ్చటేసింది. మొదట్లో ఆయన రక్తపోటు నూట డెబ్భై పైన ఉండేది. రెండు రకాల మాత్రలు ఇచ్చాం. తర్వాత ఇంటి నుంచి అంకెలు రావడం మొదలయ్యాక చూడాలి, ఎప్పుడూ నూట ఇరవై, ఎనభై. మహా అయితే నూట పద్దెనిమిది. తెర మీద ఆ ఇల్లు వానాకాలపు వరిచేనులా పచ్చగా ఉండేది. వచ్చిన అతిథులందరికీ ఆ ఇంటినే చూపించేదాన్ని. ఆ ఊపులోనే ‘ఉత్తమ రక్తపోటు’ బహుమతి అని ఒకటి పెట్టి, మూడు గిన్నెల స్టీలు టిఫిన్ డబ్బా కొని, టవరు కింద పార్కింగులో చప్పట్ల మధ్య ఆయనకిచ్చాను. ఆయన తల వంచుకుని డబ్బా అందుకున్నాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. డాక్టరుగారికి ఆ పచ్చదనం చూపించి, “ఇంత బాగుంది కదండీ, రెండో మాత్ర అవసరమంటారా?” అన్నాను. ఆయన తెర వైపు చూశారు, నా వైపు చూశారు, తీసేయమన్నారు. ఆయన చూడనిది గార్డునొక్కడినే. అప్పటినుంచి గార్డుకు ఒక్క మాత్రే.

నెల తర్వాత ఒక బంద్ వచ్చింది. అప్పట్లో బంద్ అంటే మా ఐటీ కారిడార్‌లో ఒక పద్ధతుండేది. కంపెనీలు సెలవిచ్చి, ఆ శనివారం పని చేయించుకునేవి. నేను మాదాపూర్ ఊళ్లో కిరాయికి ఉండేదాన్ని కాబట్టి నడిచి ఆఫీసుకు వెళ్లాను. ఇంజినీరు తెల్లారుతూనే, రోడ్లు మూసేవాళ్లు నిద్ర లేవకముందే, బండి మీద వచ్చేశాడు. అంతస్తంతా మేమిద్దరమే. గేటు దగ్గర ఎవరూ లేరు. ఐడీ అడిగే నాథుడు లేక లోపలికి వెళుతుంటే దొంగతనానికి వెళుతున్నట్టనిపించింది.

తొమ్మిది దాటాక తెర మీద మొదటి ఎరుపు పడింది. తర్వాత రెండోది. పదిన్నరకు తెరంతా మా గుంటూరు కల్లాల్లో మిరపకాయలు ఆరబోసినట్టయింది. ఏనాడూ పచ్చ తప్ప ఎరగని ఇళ్లు కూడా ఎర్రబడ్డాయి.

ఇంజినీరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “మేడమ్, ఇది మామూలు విషయం కాదండి. బంద్ రోజున బస్తీ మొత్తానికి బీపీ పెరిగింది. ఉద్యమానికీ రక్తపోటుకీ సంబంధం. ఇలాంటి గ్రాఫు ఇంతవరకూ ఎవరూ గీసి ఉండరండి.”

నేను కూడా తగుదునమ్మా అని, “పీడన మీద పోరాటం చేసేవాళ్లకి రక్తపీడనం పెరగదా మరి?” అన్నాను. ఆయనకది ఎంత నచ్చిందంటే, గ్రాఫు పైన రాసుకున్నాడు. మేమిద్దరం ఆ పేరు కింద ఏ రంగు వేయాలా అని చర్చిస్తుండగా నా ఫోను మోగింది. కార్యకర్త.

“ఏంది మేడమ్, నాలుగుసార్లు చేసిన. ఫోన్ ఎత్తుతలేరు.”

“ఇక్కడ తెరంతా ఎర్రగా ఉందమ్మా. ఉద్యమం మూలంగా మీవాళ్లందరికీ బీపీ పెరిగింది. ఇంజినీరుగారు గ్రాఫు గీస్తున్నారు.”

“ఉద్యమానికి బీపీ పెరుగుడేంది మేడమ్? ఇన్ని దినాలసంది లేనిది ఇయ్యాలే పెరిగిందా? ఇయ్యాల బంద్. ఎవ్వలు పనికి పోలే, అందరు ఇంటికాడనే ఉన్నరు. గందుకే.”

“ఇంట్లో ఉంటే తగ్గాలి కదమ్మా?”

“తగ్గుడు పెరుగుడు కాదు. ఇయ్యాల ఆళ్ల చేతికే కట్టిన.”

ఈ మాట నా చెవిలోంచి తలలోకి వెళ్లడానికి కొంత సమయం పట్టింది. “మరి రోజూ ఎవరి చేతికి కడుతున్నావు?”

“ఇంట్ల ఎవరుంటె ఆళ్లకు” అంది, బస్సు నంబరు చెప్పినంత మామూలుగా. “మీరే చెప్తిరి కద. ఇంటికొక నంబర్ రావాలె, నల్లగీత పడొద్దని.”

మీరు నవ్వుతున్నారు. నవ్వండి. కానీ బస్తీలో ఎవరొచ్చి తలుపు తట్టినా జరిగేది అదే. రేషన్ కార్డు లెక్కకు వచ్చినా, ఓటర్ల జాబితాకు వచ్చినా, గ్యాస్ బండ తెచ్చినా, పగటిపూట ఇంట్లో ఎవరుంటే వాళ్లే ఇంటి పెద్ద. అసలు పెద్దలు ఆ వేళకు మా టవర్ల గేట్లు కాస్తుంటారు, మా క్యాంటీన్లలో గిన్నెలు తోముతుంటారు. వాళ్ల బదులు సంతకం పెట్టినట్టే చెయ్యి పెట్టారు. అందులో మోసం లేదు, మర్యాద ఉంది. ఇంటికొచ్చిన మనిషిని ఉత్తచేతులతో పంపకూడదని తమ చేతులే ఇచ్చారు. ఆరు నెలలుగా బస్తీ బస్తీ కలిసి అక్షరాలా నాకు చెయ్యిచ్చింది.

అప్పుడు నాకు గేటు గుర్తొచ్చింది. తొమ్మిదింబావుకు బోరబండలో గార్డు చేతికి పట్టీ కట్టినట్టు నా తెర చెప్పేది. అదే తొమ్మిదింబావుకు రాయదుర్గంలో గార్డు నా ఎదురుగా నిలబడి ఐడీ అడిగేవాడు. రోజూ ఆ మనిషిని దాటుకుని వెళ్లి, ఆ మనిషి ఇంట్లో ఉన్నాడని చెప్పే అంకెను నమ్మాను. ఆయన కార్డు లేనిదే నన్ను లోపలికి పోనిచ్చేవాడు కాదు. నేను ఆయన అంకెను ఏ కార్డూ అడక్కుండా పోనిచ్చాను.

“గేటు గార్డుగారి ఇంటి నంబరు...”

“ఆయన భార్యది. మస్తు మంచి చెయ్యి మేడమ్, ఎప్పుడు కట్టినా నూట ఇరవయ్యే.”

“ఇవాళ ఆయనకెంత?”

“గందుకే చేస్తున్న. పైది రెండొందల పది, కిందిది నూట ఇరవై. రెండుసార్లు కట్టిన. నాలుగు దినాలసంది తల పగులుతున్నదంట. జెర పండుమంటె వినకుంట దీక్ష టెంటుకు పోయి కూసున్నడు. ఇయ్యాల ఆయన వంతు.”

“మాత్ర వేసుకున్నాడా?”

“దీక్షల కూసుంట, పరగడుపున ఏస్కోనన్నడు. అయినా ఒక్క గోలీ ఏస్కుంటె ఎంత, ఏస్కోకుంటె ఎంత. రెండోది మీరే తీసేస్తిరి. నేను చెప్తె లేస్తలేడు మేడమ్. తీసేసినోళ్లే వచ్చి చెప్పాలె.”

అంబులెన్సుకు ఫోను చేస్తే, రోడ్ల మీద టైర్లు కాలుతున్నాయి, చుట్టు తిరిగి రావాలి, ఎప్పుడొస్తామో చెప్పలేమన్నారు. నేను ఇంజినీరు వైపు చూశాను. ఆయన గ్రాఫు వైపు చూసి, కంప్యూటరు కట్టేసి, బండి తాళాలు తీశాడు. ఆయన బండి నంబరు ప్లేటు మీద ‘ఏపీ’ ఉండేది. బంద్ రోజుల్లో దాని మీద ‘టీజీ’ స్టిక్కరు అంటించి, మర్నాడు జాగ్రత్తగా పీకి పర్సులో దాచుకునేవాడు. ఆ రోజు స్టిక్కరుతో పాటు నాకు ఒక హెచ్చరిక కూడా ఇచ్చాడు. “దారిలో ఎవరైనా ఆపితే మీరు ‘అండి’ అనకండి మేడమ్.”

“మీరిప్పుడు అన్నారు కదండి” అన్నాను.

రెండుచోట్ల ఆపారు. రెండుచోట్లా నేను ఆఫీసులోంచి తెచ్చిన మిషను సంచి పైకెత్తి “దవాఖాన పని” అని రెండు ముక్కల్లో ముగించాను. పోనిచ్చారు.

రిలే నిరాహార దీక్ష టెంటు బోరబండ స్టేషన్ రోడ్డులో ఉంది. షామియానా కింద తొమ్మిదిమంది మెడల్లో దండలతో వరసగా కూర్చున్నారు. నడుమ గార్డు, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో. నన్ను చూడగానే ఆయన ముఖం వెలిగింది. ఒక పక్కే వెలిగింది.

“మేడమ్... ఐ... డీ” అన్నాడు, హాస్యానికే. మొదటి అక్షరం సరిగానే వచ్చింది. రెండోది ఎక్కడో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నట్టు ఆలస్యంగా, నలిగి వచ్చింది.

నేను మోకాళ్ల మీద కూర్చుని, నా వేళ్లు ఆయన రెండు చేతుల్లో పెట్టి గట్టిగా పట్టుకోమన్నాను. కుడిచేయి పట్టింది. ఎడమచేయి పట్టినట్టు నటించింది.

“లేవండి. ఆసుపత్రికి వెళ్లాలి. ఇప్పుడే.”

“లిస్టుల నా పేరున్నది మేడమ్. నడుమ లేస్తె మా గల్లీ ఇజ్జత్ పోతది.”

టెంటు నడిపే పెద్దాయన ఇబ్బందిగా కదిలాడు. “పేపరోళ్లకు తొమ్మిదిమంది అని రాసిచ్చినం అమ్మా. జర సాయంత్రం దాంక...”

“మనిషి పోతె ఎట్లయినా ఎనిమిదే అయితరు కద కాకా” అంది మా కార్యకర్త.

నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. అది అందరిముందూ చెప్పడం కష్టం కాబట్టి ఆయన చెవి దగ్గరే చెప్పాను. “మీ రెండో మాత్ర నేను తీయించింది మీ అంకె చూసి కాదండి. మీ ఆవిడ అంకె చూసి. తప్పు నాది. మీరు లేవకపోతే ఈ తప్పు సరిదిద్దుకునే అవకాశం కూడా నాకుండదు.”

ఆయన కళ్లు దించుకున్నాడు. పార్కింగులో డబ్బా అందుకున్నప్పుడు దించుకున్నట్టే. అది సిగ్గు కాదని నాకప్పుడు తెలిసింది. “చెప్దామనుకున్న మేడమ్” అన్నాడు, మాటలు కూడదీసుకుంటూ. “అందరు చప్పట్లు కొడ్తుండిరి.”

ఆ క్షణానికి ఆయన భార్య వచ్చింది. పొట్టి మనిషి, కొంగు బొడ్లో దోపుకుని ఉంది. ఎవరినీ ఏమీ అడగలేదు. ఆయన మెడలోంచి దండ తీసి తన మెడలో వేసుకుంది. ఆయన్ని పక్కకు జరిపి ఆ చోట బాసింపట్టు వేసి కూర్చుంది.

“లే ఇగ” అంది. “బీపీ నీ బదులు నేనే ఇస్తి. గిది నాతోని కాదా?”

టెంటంతా నవ్వింది. పెద్దాయన జాబితా తీసి, “తొమ్మిది తొమ్మిదే ఉన్నరు” అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. గార్డు కూడా నవ్వి లేవబోయాడు. ఎడమకాలు రాలేదు. నవ్వులు ఆగిపోయాయి. నలుగురు ఆయన్ని ఎత్తుకున్నారు.

ఆసుపత్రికి వాహనమేదంటే, ఆ దారిలో ఆ రోజు అడ్డు లేకుండా తిరగగలిగేది ఒక్కటే: ఉద్యమం మైకు ఆటో. పైన రెండు గొట్టాలు, చుట్టూ జెండాలు. వెనక సీట్లో గార్డును మధ్యన కూర్చోబెట్టుకుని అటు కార్యకర్త, ఇటు నేను. డ్రైవరు పక్కన మైకు పట్టుకున్న మనిషి, “జై తెలంగాణ, జర జాగ ఇయ్యిన్రి, మనోడు దవాఖానకు పోతున్నడు” అంటూ దారి చేయించాడు. కాలుతున్న టైర్లను కర్రలతో పక్కకు నెట్టి మరీ పంపారు. ఏ అంబులెన్సు సైరనుకూ హైదరాబాదు అంత మర్యాదగా తప్పుకోగా నేను చూడలేదు.

ఒక మలుపులో గార్డు తల నా భుజం మీద వాలింది. నాకు భయమేసి, “కొంచెం త్వరగా పోనివ్వండి, దయచేసి పోనివ్వండి బాబూ” అన్నాను. దారిలో దాచుకున్న ‘అండి’లన్నీ ఒకేసారి బయటపడ్డాయి. అదీ ఆన్‌లో ఉన్న మైకులో. వీధి వీధంతా వినపడింది. మైకు మనిషి వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

“మా మేడమే” అంది కార్యకర్త. “పోనియ్యన్నా, పోనియ్యి.”

ఆయన మళ్లీ ముందుకు తిరిగి, “ఆంధ్ర మేడమ్ ఉన్నది, జర జల్ది జాగ ఇయ్యిన్రి” అని అరిచాడు. ఇచ్చారు.

ప్రభుత్వ దవాఖానలో వాళ్లు ఆయన్ని వెంటనే లోపలికి తీసుకెళ్లారు. నేను బయట బెంచీ మీద కూర్చుని ప్రార్థన చేశాను. అందులో కూడా ఏ అంకె ఎవరి చేతిదో దేవుడికి మొదటినుంచీ విడమరచి చెప్పుకోవాల్సి వచ్చింది. సాయంత్రానికి డాక్టరు బయటికొచ్చి, పక్షవాతమే, కానీ వేళకు తెచ్చారు, చాలావరకు కోలుకుంటాడన్నాడు. చాలావరకు అనే మాటను నేను పట్టుకుని ఇంటికి నడిచాను. ఆ మాటలో మిగిలిన ఆ కొంచెం నా వాటా అని నాకు తెలుసు.

మర్నాడు మా డాక్టరుగారికి అంతా చెప్పాను. ఆయన, “నేను కూడా తెరనే చూశానమ్మా” అన్నారు. పైవాళ్లకు ఉన్నదున్నట్టు రాశాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. నా తప్పేమిటో అర్థం చేసుకోవడానికి వాళ్లకు మూడు సమావేశాలు పట్టాయి. ఈలోగా మేము కొత్త పద్ధతి మొదలుపెట్టేశాం. ఇంజినీరు తన గ్రాఫు పేరు కొట్టేసి, కింద ‘బోరబండ గృహిణుల ఆరోగ్యం భేషుగ్గా ఉంది’ అని రాసి, గోడకు అంటించుకున్నాడు. ఆయన గీసినవాటిలో పూర్తిగా నిజమైన గ్రాఫు అదేనని నా అభిప్రాయం.

కొత్త పద్ధతి పెద్ద విద్యేమీ కాదు. చేతులు ఎక్కడుంటే మిషను అక్కడికి వెళ్లాలి. షిఫ్టు మారే వేళకు మా కార్యకర్త టవరు గేటు పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. గార్డులూ, ఊడ్చేవాళ్లూ, క్యాంటీనువాళ్లూ వరసగా వచ్చి కట్టించుకునేవాళ్లు. తెర మీద ఎరుపు పెరిగింది, నల్లగీతలూ పడ్డాయి. నల్లగీత పడితే ఎవరూ ఎవరినీ ఏమీ అనకూడదని మొట్టమొదటి నియమం రాసుకున్నాం. మెసేజ్‌లో అంకె కంటే ముందు ‘ఎవరి చెయ్యి’ అని ఒక గడి పెట్టించాను. ఇంజినీరు నన్ను వింతగా చూశాడు గాని, పెట్టాడు.

నాలుగు నెలల తర్వాత గార్డు తిరిగి డ్యూటీలో చేరాడు. ఈసారి కుర్చీ ఇచ్చారు. ఎడమపక్క పెదవి నవ్వులో కొంచెం వెనకబడేది. మొదటిరోజే మా కార్యకర్తను గేటు దగ్గర ఆపి ఐడీ అడిగాడు. ఆమె, “టెంటులకెల్లి ఎత్తుకపోయినప్పుడు అడగకపోతివి?” అంటూనే కార్డు చూపించింది. నేను స్వయంగా పట్టీ కట్టాను. నూట ముప్పై ఆరు. పచ్చకు ఇంకా అడుగు దూరం, కానీ ఆయనదే.

మధ్యాహ్నం ఆయన భార్య అన్నం తెచ్చింది. చేతిలో నేనిచ్చిన మూడు గిన్నెల స్టీలు డబ్బా. దాన్ని చూడగానే నేను అటూ ఇటూ చూశాను. ఆమె పసిగట్టింది.

“వాపస్ అడుగుతరా ఏంది సిస్టరమ్మా?”

“అబ్బే, లేదండీ.”

“అడిగినా ఇయ్య” అంది, గిన్నెలు విప్పుతూ. “నూట ఇరవై నాదే కద. గెల్సింది నేను. ఈయన మీ చేతులకెల్లి నా ఇంటిదాంక మోసుకొచ్చిండు, గంతే.”

అందుకే మొదట్లో తప్పు మనిషికి ఇచ్చానన్నాను. బహుమతి మాత్రం సరైన ఇంటికే చేరింది.

తర్వాత రాష్ట్రం వచ్చింది. నన్నెవరూ ఎక్కడికీ పంపలేదు. ఇంజినీరు కూడా ఇక్కడే ఉన్నాడు, స్టిక్కరు అవసరం తీరిపోయింది. నేను రిటైరై శేరిలింగంపల్లిలో ఉంటున్నాను. ఇన్నేళ్లూ ఊరందరి బీపీ చూసినందుకు నాకూ ఒకటి వచ్చింది. రోజూ ఉదయం చూసుకోవాలి. మా కార్యకర్త ఇప్పుడు మీలాంటి పాతికమందికి సూపర్వైజరు. అయినా పొద్దున్నే గుర్తుపెట్టుకుని నాకు ఫోను చేస్తుంది.

నిన్న కూడా చేసింది. నేను పేపరు చదువుతూ కూర్చున్నాను. మిషను అల్మారాలో ఉంది. లేవడానికి బద్ధకమేసింది.

“బీపీ ఎంతున్నది మేడమ్?”

“నూట ఇరవై ఎనిమిదమ్మా. బాగుంది.”

“ఎవరిది?” అంది.

నేను పేపరు మడిచి పక్కన పెట్టి, అల్మారా దగ్గరికి వెళ్లాను.